ఒంటిచెప్పు గుడి వెలసిన వైనం

పూర్వం, వేసవి వస్తే సూర్యుడు ఇల్లు చేరడం మరిచిపోయి ఆకాశంలోనే తచ్చాడుతుండే ఉత్తర సముద్రంలో, స్కాట్లండ్ దేశపు చిట్టచివరి కొనకు ఆవల, హెల్లే అనే చిన్న దీవిని ఐవిండ్ అనే ప్రభువు ధర్మం తప్పకుండా పరిపాలిస్తుండేవాడు. ఆయన పూర్వులు నార్వే నుండి ఓడల మీద వచ్చి, కొంత కత్తితోనూ కొంత పెళ్ళిళ్ళతోనూ ఆ నేలను సంపాదించుకున్నవారు. తండ్రుల వైపు చూస్తే నార్వే రక్తం, తల్లుల వైపు చూస్తే స్కాట్లండ్ రక్తం. దీవికి నార్వే రాజును ఏలికగా ఒప్పుకుంటూ, అవతలి గట్టున ఉన్న పొలాలకు స్కాట్లండ్ రాజును ఏలికగా ఒప్పుకుంటూ, ఇద్దరికీ కోపం రాకుండా తరతరాలుగా నెట్టుకొచ్చిన చతురులు వారు. అటువంటి ప్రభువును ఆ దేశస్థులు యార్ల్ అంటారు. మన సామంతరాజు వంటివాడన్నమాట.

ఆ దీవి తూర్పు ఒడ్డున, అలలు అందుకోలేనంత ఎత్తులో, చాప పరిచినట్టు చదునుగా ఉన్న పెద్ద బండ ఒకటి, దాని పక్కనే ఏ కాలంలోనూ ఇంకిపోని ఊట ఒకటి ఉండేవి. యార్ల్‌లు ఇంకా ఆ నేల మీద అడుగు పెట్టకముందే, ఐర్లండ్ దేశం నుంచి దూవాన్ అనే ముని తోలుపడవలో ఒంటరిగా వచ్చి, ఆ ఊట దగ్గర రాళ్ళు పేర్చి కుటీరం కట్టుకుని, క్రీస్తు నామస్మరణలో ఆయుర్దాయమంతా గడిపి అక్కడే సమాధి అయ్యాడని ప్రతీతి. ఆ మహానుభావుడు మంచు కురిసే రోజుల్లో సైతం కాలికి చెప్పు తొడిగినవాడు కాదట. ఆ చలి సంగతి తెలిసినవారు వేరే మహిమలేవీ అడగకుండానే చేతులెత్తి నమస్కరిస్తారు. అయినా ఆ రోజుల్లో ఆయనను తలుచుకునేవారు తక్కువే. గొర్రెలు తప్పిపోయినప్పుడు ఆడవాళ్ళు వచ్చి ఊటలో ఇంత ఉన్ని వేసి దండం పెట్టుకునేవారు, దొరికితే మళ్ళీ వచ్చేవారు, దొరకకపోతే తిట్టిపోసేవారు.

యార్ల్ ఐవిండ్‌కు రాగ్న అని ఒక అక్కగారు ఉండేది. ఈ కథంతా ఆవిడది. వారి తల్లి కాలం చేసేనాటికి ఐవిండ్ ఇంకా పాకుతున్న పసివాడు, రాగ్న పట్టుమని పదేళ్ళు నిండని పిల్ల. అప్పటినుంచి తమ్ముడికి తల్లీ అక్కా తానే అయి పెంచింది. పెళ్ళి చేసుకుని అవతలి గట్టుకు వెళ్ళి, భర్త సముద్రం పాలైతే, స్వెయిన్ అనే కొడుకును చంకనేసుకుని పుట్టింటికి తిరిగివచ్చి, ఇంటి తాళాలు మళ్ళీ నడుముకు కట్టుకుంది. ఆ తాళాల గలగల వినిపిస్తే వంటింట్లో వాళ్ళు సరే, కుక్కలు కూడా సర్దుకుని కూర్చునేవి.

తాళాలకంటే పెద్ద అధికారం మరొకటి ఆవిడ చేతిలో ఉండేది. ఆ దేశంలో భూమి నాదని ఎవరైనా అనాలంటే, పూర్వుల పేర్లను తన తండ్రితో మొదలుపెట్టి, మట్టిదిబ్బ కింద ఆయుధాలతో సహా నిద్రపోతున్న మూలపురుషుడి దాకా తడబడకుండా చెప్పగలగాలి. మగవాళ్ళు విందుల్లో నోరు తిరగక మధ్యలో ఒకరిద్దరు తాతలను మింగేస్తారని, ఆ పాఠాన్ని ఇంటి పెద్దావిడ కంఠస్థం చేసి కాపాడటం వారి ఆచారం. రాగ్న ఆ వంశావళిని జోలపాటగా పాడి పిల్లలను నిద్రపుచ్చేది. వెన్న చిలుకుతూ పాడేది. ఊపిరి తిప్పుకోకుండా చదివి ముగించగలిగేది. దానికి తోడు, ఆ ఇంట ఎవరికైనా యార్ల్ పట్టం కట్టినప్పుడు, ఆ వ్యక్తిని చదునుబండ మీద నిలబెట్టి, కుడిపాదం పొడవును ఉన్నిదారంతో కొలిచి, ముడివేసి, నడిమింటి స్తంభానికి వేలాడదీసేవారు. పాతబడి రంగు వెలిసిన ఆ దారాల గుత్తే ఆ వంశానికి కళ్ళకు కనబడే వంశవృక్షం. దానిమీద పొగ పట్టకుండా చూసుకోవడం కూడా రాగ్న పనే.

ఇలాంటి ఇంటికి ఒక లోటు వచ్చిపడింది. ఐవిండ్ అగ్నిసాక్షిగా అన్నట్టు చేసుకున్న భార్య బిడ్డలు లేకుండానే కన్నుమూసింది. తరువాత ఆయన స్కాట్లండ్ గట్టు నుంచి వచ్చిన మురెన్ అనే నేతగత్తెను మనసారా ప్రేమించాడు. వారికి కోల్బెయిన్ అనే కొడుకు పుట్టి, చూస్తుండగానే పెరిగి, ఎంత తుఫానులోనైనా ఓడను ఒడ్డుకు చేర్చగల చుక్కానిదారుగా పేరు తెచ్చుకున్నాడు. గుణం బంగారం, మాట నెమ్మది. అయితే మురెన్‌కు ఓలి ఇచ్చి, పెద్దల ముందు చేయి పట్టుకోలేదు కనుక, ధర్మశాస్త్రం దృష్టిలో ఆ కొడుకు ఎవరికీ ఏమీ కాడు. ఐవిండ్ తదనంతరం పట్టం దక్కేది మేనల్లుడైన స్వెయిన్‌కే.

రాగ్న చెడ్డ మనిషని ఎవరూ అనుకోకూడదు. వంశం మాట వచ్చేసరికి మాత్రం మెడ కాస్త నిటారుగా నిలబెట్టే మనిషి. మురెన్ నేసిన దుప్పటి కప్పుకునేది గాని, మురెన్‌ను ఎత్తుపీట మీద తన పక్కన కూర్చోనిచ్చేది కాదు. ఒకసారెప్పుడో మురెన్ నోరు జారి "వదినా" అని పిలిస్తే, "ఎవరికి వదిన?" అని అడిగి, తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి మురెన్ ఆవిడను ఏ వరుసా పెట్టి పిలవకుండా, ఎదురుపడితే తలవంచుకుని పక్కకు తప్పుకునేది.

కాలం ఇలా నడుస్తుండగా యార్ల్ ఐవిండ్‌కు కాళ్ళ వాపు వ్యాధి వచ్చింది. శీతకాలమంతా రాగ్న ప్రతి సాయంత్రం తమ్ముడి పాదాలను ఒళ్ళో పెట్టుకుని, నీటికుక్క కొవ్వు కాచిన నూనెతో మర్దన చేస్తుండేది. వసంతం వచ్చిన ఒక సాయంకాలం ఆయన కళ్ళు మూసుకునే మాట కదిపాడు.

"అక్కా, కోల్బెయిన్‌ను ఇంట్లోకి తెచ్చుకుందామనుకుంటున్నాను."

"పొద్దస్తమానం ఇంట్లోనే తిరుగుతున్నాడుగా! నిన్న నా వెన్న సగం వాడే తిన్నాడు."

"ఆ ఇంట్లోకి కాదక్కా. నువ్వు చదివే పేర్లలోకి."

రాగ్న మర్దన ఆపకుండానే, "మరి నా కొడుకు?" అని మాత్రం అడిగింది.

"వాడినే ముందు అడిగాను. నాకు పడవలు కట్టుకోవడమే ఇష్టం, రాజుల చుట్టూ తిరగడం నా వల్ల కాదు, బావకే కట్టబెట్టు మామయ్యా అన్నాడు."

"నన్ను అడగకుండా వాడిని అడిగావా!" అని రాగ్న కస్సుమంది. ఆవిడ మనసులో కొడుకు పట్టం కట్టుకున్న రోజు ఎలా ఉంటుందో ఎన్నోసార్లు చూసుకుంది, ఆ ముచ్చట చెప్పుకోలేనిది. తమ్ముడి పాదాలకు గుడ్డ చుట్టి, దుప్పటి కప్పి, "సరే, నీ ఇష్టమే కానీ" అని లేచింది. అన్నదంటే అన్నదే. మాట ఇచ్చి వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పెళ్ళి లేని తల్లికి పుట్టిన కొడుకును వంశంలోకి తెచ్చుకోవడానికి ఆ దేశంలో ఒక క్రతువు ఉంది. మూడేళ్ళ కోడెను కోసి విందు చేసి, దాని ముందరి కుడికాలి తోలు ఒలిచి, ఆ తోలుతో ఒకే ఒక చెప్పు కుట్టిస్తారు. మద్యం నింపిన పెద్ద తొట్టి పక్కన ఆ చెప్పును పెడతారు. తండ్రి మొదట దానిలో పాదం మోపాలి. తరువాత కొడుకు, అతని వెనుక వారసత్వం వదులుకుంటున్న దగ్గరి బంధువు, ఆపైన వంశంలోని తక్కినవారందరూ వరుసగా అదే చెప్పులో పాదం పెట్టాలి. ఒక్కరు నిరాకరించినా క్రతువు చెల్లదు. అందరి పాదమూ పట్టిన చెప్పులో పాదం పెట్టినవాడు ఆనాటి నుంచి అందరివాడు. వారి ఆచారం వారిది. చెప్పులు బయట విడిచి గుడిలోకి వెళ్ళే మనకు ఇది వింతగా తోచినా, ఒకే చెప్పులో ఇంటిల్లిపాదీ కాలు పెట్టడం కంటే గట్టి ఒప్పందం మరొకటి ఉంటుందా అని ఆలోచిస్తే ముచ్చటగానే ఉంటుంది.

చెప్పుకు కొలత ఇవ్వవలసింది ఇంటి పెద్దావిడే. రాగ్న ఒక ఉదయం స్తంభం దగ్గరకు వెళ్ళి, గుత్తిలో తడుముకుని, తమ్ముడి దారం విప్పి చెప్పులు కుట్టేవాడికి పంపింది. పట్టాభిషేకం నాడు స్వయంగా తాను కొలిచి ముడివేసిన దారం అది. తాను కొలిచిన కొలత తప్పవుతుందన్న ఆలోచనే ఆవిడకు రాలేదు. పని అయిపోయిందని చేతులు దులుపుకుని, మద్యానికి బార్లీ నానబెట్టించడానికి వెళ్ళిపోయింది.

వేసవి నడుమ, పగలు బాగా పొడుగ్గా సాగే పండుగనాడు, దీవి దీవంతా తూర్పు ఒడ్డున పోగైంది. పెద్ద పంచాయితీలన్నీ చదునుబండ మీదనే జరుగుతాయి కనుక మద్యం తొట్టిని ఎడ్లబండి మీద అక్కడికే తెచ్చారు. మాంసం కాలుతున్న వాసన, సముద్రపు గాలి, పిల్లల కేరింతలు. దీవి ధర్మశాస్త్రమంతా కంఠస్థం చేసిన గ్రిమ్ అనే పెద్దమనిషి గడ్డం దువ్వుకుని బండ మధ్యన నిలబడ్డాడు. ఈ గ్రిమ్ ఎలాంటివాడంటే, ఎదుటివాడు తుమ్మినా అది ఏ నిబంధన కిందికి వస్తుందో చెప్పకుండా ఊరుకోడు. యార్ల్ ఐవిండ్‌ను కుర్చీతో సహా మోసుకొచ్చి తొట్టి పక్కన దింపారు. కోల్బెయిన్ కొత్త చొక్కా తొడుక్కుని, ఎన్ని తుఫానుల్లోనూ పడనంత భయంతో నిలబడి ఉన్నాడు.

కుట్టినవాడు చెప్పును తెచ్చి బండ మీద పెట్టాడు. ఐవిండ్ కాలికి చుట్టిన గుడ్డ విప్పి, అక్క భుజం పట్టుకుని లేచి, నవ్వుతూ కుడికాలు చెప్పులో పెట్టాడు. వేళ్ళు వెళ్ళాయి. పాదం సగం వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు, పళ్ళు బిగించి ప్రయత్నించాడు. వాచిన మడమ చెప్పు అంచు మీద కొండలా కూర్చుందే గాని లోపలికి దిగలేదు.

మొదట జనం గొల్లుమని నవ్వారు. యార్ల్ కూడా నవ్వాడు. అంతలో గ్రిమ్ చేయి ఎత్తి, "మడమ దిగకపోతే అడుగు కాదు" అని ప్రకటించేసరికి నవ్వులు ఆగిపోయాయి. కుట్టిన చెప్పును విప్పి మళ్ళీ కుట్టకూడదు. మరో కాలి తోలు పనికిరాదు. ఈడుకు వచ్చిన కోడె దీవిలో అదొక్కటే. మరొకటి మూడేళ్ళది కావాలంటే వచ్చే ఏడాది వేసవి దాకా ఆగాలి, అందాకా యార్ల్ బ్రతికి ఉంటాడా అన్నది అక్కడ ఎవరూ పైకి అనలేని మాట. కోల్బెయిన్ తలవంచుకున్నాడు. మురెన్ కొంగు లాంటి తన శాలువా అంచును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ కొలత ఇచ్చిందెవరు?" అని అడిగాడు గ్రిమ్. అడగవలసిన పని లేదు, అందరికీ తెలుసు. ఒక్కొక్క తలా రాగ్న వైపు తిరిగింది.

జనం చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. చలికాలమంతా ఆ పాదాలను ఒళ్ళో పెట్టుకుని నూనె రాసిన మనిషికి, అవి ఎంత వాచాయో తెలియదా? దీవిలో ఎవరికి తెలియకపోయినా ఆవిడకు తెలియదా? కన్నకొడుకు కోసం కడుపులో ఎంత తీపి దాచుకుందో చూడండి, పైకి సరేనని లోపల ఎంత పని చేసిందో చూడండి అని ఆడా మగా ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ తాళాల గలగలకు భయపడ్డవాళ్ళంతా ఆ పూట బాకీ తీర్చుకున్నారు.

రాగ్న అది అబద్ధమని అరవబోయింది. అంతలో స్వెయిన్ ముందుకు వచ్చి ఆవిడ చేయి పట్టుకుని, ఎవరికీ వినబడకుండా, "అమ్మా, నా కోసం గాని చేశావా? నిజం చెప్పు. అదే అయితే నేను మామయ్య ముఖం ఎలా చూడను?" అని అడిగాడు.

లోకమంతా అన్నమాట ఒక ఎత్తు, కన్నకొడుకు అడిగిన ఈ మాట ఒక ఎత్తు. లేదురా అని చెప్పబోయి ఆగింది. నిజంగానే లేదా? దారం విప్పిన ఉదయాన్ని కళ్ళ ముందుకు తెచ్చుకుని వెతుక్కుంది. దురాలోచన ఏదీ కనబడలేదు. కాని ఆ చేతులే కదా ప్రతి సాయంత్రం ఆ వాపును తడిమినవి, ఆ చేతులకు గుర్తు రాలేదంటే ఎవరు నమ్ముతారు, తానైనా ఎలా నమ్ముతుంది? తెలియకుండా చేసిందో, తెలియనట్టు చేసిందో ఆవిడకే తెలియలేదు. తన మనసు తనకే పరాయిదైపోయిన ఆ క్షణంలో ఆవిడ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. భర్త పోయిన వార్త విన్ననాడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

అయితే రాగ్న కూలబడి ఏడ్చే మనిషి కాదు. కొడుకు చేయి విడిపించుకుని, వంగి చెప్పును చేతిలోకి తీసుకుని, గబగబా ఊట దగ్గరకు నడిచింది. ముని సమాధి వైపు తిరిగి, దీవంతా వినేలా గొంతెత్తింది.

"ఏమయ్యా దూవాన్! చెప్పులెరుగని సన్యాసివి, పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, హాయిగా రాళ్ళ కింద పడుకున్నావు. వారసుల గోల నీకేం తెలుసు? గొర్రె తప్పిపోతే వెతికిపెడతావట, ఇక్కడ నా మనసే తప్పిపోయింది, వెతికిపెట్టు! నా తమ్ముడి కొలత నేనే ఇచ్చాను. పాకే పిల్లవాడుగా ఉన్నప్పుడు వాడి పాదాలు కడిగినదాన్ని. ఆ పాదాలు పెద్దవయ్యాయని, ముసలివయ్యాయని, వాచాయని నా చేతులు ఒప్పుకోలేదేమో! లేకపోతే నాలో పాపమే ఉందేమో! రెంటిలో ఏది నిజమో నీకు తెలుసు. ఈ చెప్పు నీ ఊటలో ముంచుతున్నాను. తమ్ముడి పాదానికి, కోల్బెయిన్ పాదానికి సరిపెట్టు. చివరికి నా పాదం పెడతాను. నాలో మోసం ఉంటే, నా పాదం దగ్గర అది నన్ను పట్టించెయ్యాలి!"

అంటూ చెప్పును నీళ్ళలో ముంచి పట్టుకుంది. చేతులు కొంకర్లు పోయేంత చల్లని నీళ్ళు. కాసేపటికి పైకి తీసి, నీరోడుతున్న చెప్పును తెచ్చి బండ మీద పెట్టి, తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన పాదాన్ని తానే పట్టి లోపలికి నడిపింది. వేళ్ళు వెళ్ళాయి. పాదం వెళ్ళింది. వాచిన మడమ, తలుపు తీసిన గదిలోకి వెళ్ళినట్టు, చులాగ్గా దిగిపోయింది. "దిగింది!" అని ఐవిండ్ చిన్నపిల్లవాడిలా కేక పెట్టాడు.

జనం హర్షధ్వానాలు చేశారు. గ్రిమ్ మాత్రం గడ్డం దువ్వుకుంటూ, "తడిస్తే తోలు సాగుతుంది. ఇందులో వింతేమీ లేదు. అడుగు మాత్రం చెల్లుతుంది" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. కోల్బెయిన్ వచ్చి తన సన్నని పొడుగాటి పాదం పెట్టాడు, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. స్వెయిన్ వచ్చి, చెక్కల మధ్య తిరిగి కాయలు కాచిన వెడల్పాటి పాదం పెట్టి, "బావా, ఇక రాజుల పిలుపులన్నీ నీకే, నా జోలికి రాకు" అని నవ్వాడు. దాయాదులు, వారి పిల్లలు, నడవడం కొత్తగా నేర్చిన ఒక బుజ్జిపాప కూడా వచ్చి పాదాలు పెట్టారు. పాప పాదం పెట్టినప్పుడు తల్లి వంగి చూసి, "ఇదేమిటమ్మా, దీనికీ సరిపోయింది!" అంది. సందడిలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి రాగ్న వంతు వచ్చింది. ఆవిడది పొట్టి పాదం, పిల్లల పాదంలా ఉంటుందని ఆ ఇంట్లో వేళాకోళం చేసేవారు. ఆవిడ బండ ఎక్కగానే గ్రిమ్ అడ్డం వచ్చాడు.

"రాగ్నమ్మా, సాగిపోయిన ఈ చెప్పులో నీ కాలేమిటి, దూడ కాలైనా దూరుతుంది. దూరినంత మాత్రాన నువ్వు నిర్దోషివని ఎలా అనుకోమంటావు? ఇదీ ఒక పరీక్షేనా?"

ఆ మాటలో న్యాయం ఉందని రాగ్నకు తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. క్రతువు పూర్తవుతుంది, కోల్బెయిన్ వారసుడవుతాడు, జనం నాలుగు రోజులు అనుకుని మరిచిపోతారు. కాని కొడుకు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం దొరకదు. ఆవిడ ఆ పెద్దమనిషి కళ్ళలోకి చూసి, "నిజమే గ్రిమ్. అందుకని తిరగేసి చెబుతున్నాను విను. చెప్పు నా కాలికి వేలెడు వదులుగా ఉన్నా సరే, నేను దోషినే. ఈ తాళాలు విప్పి సముద్రంలో పారేసి, ఈ దీవి విడిచి వెళ్ళిపోతాను" అంది.

"అక్కా, వద్దు!" అని ఐవిండ్ కేక వేశాడు. స్వెయిన్ ఒక్క గంతులో ముందుకు వచ్చాడు. అప్పటికే ఆవిడ కళ్ళు మూసుకుని పాదం పెట్టేసింది.

యార్ల్ వాపు పాదానికి, స్వెయిన్ వెడల్పాటి పాదానికి సాగిన ఆ తోలు, ఆ ముసలావిడ పొట్టి పాదాన్ని వేళ్ళ చివరి నుంచి మడమ దాకా, తల్లి బిడ్డను పొదివి పట్టుకున్నట్టు పట్టేసింది. గ్రిమ్ వంగి, మడమ వెనుక వేలు దూర్చబోయాడు. గోరు కూడా దూరలేదు. తడిస్తే తోలు సాగుతుందని చెప్పగలిగిన ఆయన, సాగిన తోలు ఒక్క పాదం కోసం మళ్ళీ ఎందుకు ముడుచుకుందో చెప్పలేక, ఆయన జీవితంలో మొదటిసారి నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. ఆ మనిషి నోట మాట రాకపోవడమే అసలైన మహిమ అని దీవిలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

రాగ్న కళ్ళు తెరిచి చూసుకుంది. వెతికిన దొంగ తన మనసులో లేడు. పాకే పసివాడి పాదాలు కడిగిన అమ్మాయి మాత్రం ఉంది, ఇంకా కడుగుతూనే ఉంది. అప్పుడు ఏడ్చింది, ఆనందం పట్టలేక బిగ్గరగా, సిగ్గులేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే పాదం తీసేసరికి చెప్పు దానంతటదే పక్కకు ఒరిగింది. దాని కింద, అంతవరకు నునుపుగా ఉన్న బండలో, మెత్తని మట్టిలో దిగినట్టు ఒక కుడిపాదం ముద్ర పడి ఉంది. అది ఎవరి పాదం? యార్ల్ వచ్చి పెట్టి చూస్తే ఆయనది. కోల్బెయిన్ పెడితే అతనిది. బుజ్జిపాపను దింపితే ఆ పాపది. చూసినవారందరూ దూవాన్ ముని పేరు తలచి మోకరిల్లారు.

జనం వెనుక, ఎప్పటిలా పక్కకు తప్పుకుని నిలబడి ఉన్న మురెన్‌ను రాగ్న వెతికి పట్టుకుంది. చేయి పట్టి లాక్కొచ్చి, "నువ్వు పెట్టవేం కాలు?" అని గదిమింది. చెప్పులో కాలు పెట్టవలసింది వంశంలోని వాళ్ళే కదా, తానెవరినని పెట్టాలి అని మురెన్ నీళ్ళు నమిలింది. "ఎవరివేమిటి, నా తమ్ముడి భార్యవి. ఇన్నేళ్ళు నేను పిలవనివ్వలేదు, అది నా పొగరు. పెట్టు కాలు" అంది రాగ్న. గ్రిమ్ ఏదో నిబంధన చెప్పబోయి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి, మద్యం తొట్టి వైపు నడిచాడు. మురెన్ తన పాదాన్ని రాతి ముద్రలో మోపింది. అది సరిపోయింది. "వదినా" అని పిలిచి ఆవిడ భుజం మీద వాలిపోయింది.

ఆ సాయంత్రం రాగ్న బండ మీద నిలబడి, మట్టిదిబ్బ కింద నిద్రపోతున్న మూలపురుషుడితో మొదలుపెట్టి వంశావళి చదివింది. ఐవిండ్ పేరు దగ్గర ఆగకుండా కోల్బెయిన్ పేరు కలిపింది. ఆ వంశావళిలో అంతకుముందెప్పుడూ లేని విధంగా, కోల్బెయిన్ పేరు పక్కన అతని తల్లి మురెన్ పేరు కూడా కలిపింది. విన్నవాళ్ళు మద్యం పాత్రలు ఎత్తి తెల్లవార్లూ ఆడారు. నిజానికి ఆ రోజుల్లో అక్కడ చీకటే పడదు కనుక, తెల్లవార్లూ అన్నది మన మాట.

యార్ల్ ఐవిండ్ ఆ ఏడాది పంట కోతలయ్యాక, కొడుకు చేతిలో చేయి, అక్క ఒడిలో పాదాలు పెట్టుకుని ప్రశాంతంగా కన్నుమూశాడు. కోల్బెయిన్ చాలాకాలం దీవిని చల్లగా ఏలాడు. స్వెయిన్ కట్టిన పడవలు ఇద్దరు రాజుల రేవుల్లోనూ పేరుపొందాయి. కోల్బెయిన్ బండ చుట్టూ గోడలు లేపి, దూవాన్ ముని పేర చిన్న గుడి కట్టించాడు. దీవి వాళ్ళ భాషలో స్కో అంటే చెప్పు, కిర్క్ అంటే గుడి. అందుచేత అది స్కోకిర్క్ అయింది, మన మాటల్లో ఒంటిచెప్పు గుడి. కాలికి చెప్పు తొడగని ముని చివరికి చెప్పుల గుడికి స్వామి అయ్యాడు.

పై కప్పు ఎప్పుడో గాలికి పోయింది, గోడలు నడుమెత్తు మిగిలాయి. ఊట ఊరుతూనే ఉంది. పాదముద్ర బండలో నేటికీ స్పష్టంగా కనబడుతుంది. అలల ఒరిపిడికి రాయి అలా అరుగుతుందని చదువుకున్నవారు అంటారు, అలలు అంత ఎత్తుకు ఎలా ఎక్కాయో మాత్రం చెప్పరు. కోల్బెయిన్ తరువాత కొన్ని తరాలకు ఆ ఇంట మగబిడ్డలు, ఆడబిడ్డలు ఎవరూ మిగలక, పట్టం వేరే వంశాలకు వెళ్ళిపోయింది. ఆ యార్ల్‌ల వంశం అంతరించిందని చరిత్ర రాసేవారు రాసుకున్నారు. హెల్లే దీవి వాళ్ళతో ఆ మాటంటే పడీపడీ నవ్వుతారు.

ఎందుకంటే ఏటా వేసవి నడుమ పండుగనాడు దీవంతా ఆ బండ దగ్గర చేరుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు, ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళు, పెంపుడు బిడ్డలు, ఓడ పగిలి కొట్టుకొచ్చి అక్కడే ఉండిపోయిన పరాయి దేశపు నావికులు, నా అనేవారు లేని ముసలివాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఆ ముద్రలో కుడిపాదం మోపుతారు. అందరికీ సరిపోతుంది. దీవిలోకెల్లా పెద్దావిడ నిలబడి, మట్టిదిబ్బ మూలపురుషుడి నుంచి కోల్బెయిన్ దాకా చదివి, అతని తరువాత ఏటేటా పాదం మోపినవారి పేర్లన్నీ చదువుతుంది. ఆ పాఠం ఇప్పుడు ఎంత పెరిగిందంటే, విందు వంటకాలు చల్లారిపోతున్నాయని పిల్లలు గొడవ చేస్తారు. పాఠానికి ముగింపు మాట లేదు. చివరి పేరు చదివాక ఆ పెద్దావిడ "ఆ తరువాత ఎవరు?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు జనంలోంచి ముందుకు వచ్చి, చెప్పు విడిచి, ఆ రాతిలో పాదం మోపేదాకా ఆవిడ కూర్చోదు, విందు మొదలుకాదు.